ఏలికపాము గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఏలికపాము గారి సముఖమునకు,

మా పిల్లల చిన్నపేగుల్లో అద్దె మాట ఎత్తకుండా కాపురముంటున్న తమరి క్షేమసమాచారాలు, వాళ్ల ఉబ్బిన పొట్టలను చూసి ఎప్పటికప్పుడు తెలుసుకుంటూనే ఉన్నాము. తమరి ఇల్లాలు రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుందని విన్నాక, సంతానలక్ష్మి కటాక్షం ఎవరి మీద ఉన్నదో అర్థమైంది.

తమరి యాత్రాభిలాష మరీ అబ్బురం. ఆరుబయటి మలంతో మట్టిలో కలిసి, అక్కడ కొన్ని వారాలు ముదిరి, కడగని కొత్తిమీర కట్టనో పిల్లవాడి గోటి సందునో ఆశ్రయించి నోట్లో పడిన గుడ్డు పేగులో పగిలాక, అందులోని పిల్లపురుగు చేరవలసిన చోటికి చేరాను కదా అని కుదురుగా ఉండదు. పేగు గోడను తొలిచి, నెత్తురు వెంట కాలేయం మీదుగా ఊపిరితిత్తులకెక్కి, అక్కడి నుంచి గొంతులోకి వచ్చి, మళ్లీ మింగుడుపడి, బయలుదేరిన పేగుకే తిరిగి వస్తుంది. కాశీయాత్రకు వెళ్లినవారైనా ఇంత చుట్టు తిరగరు.

బద్దెపురుగు గారు నోరూ పేగూ లేకుండానే ఒంటితో మా భోజనం పీల్చుకుంటారు. కొంకిపురుగు గారు చెప్పుల్లేని పాదంలోంచి దూరి, పేగు గోడను కరిచి నెత్తురు తాగుతారు. వారి పక్కన తమరు పెద్దమనుషులే. (వానపాముతో తమరికి చుట్టరికం లేదు. అది మట్టిలో ఒళ్లు వంచి పనిచేసుకు బతికే జాతి.)

తమరి మీద నేరం మోపే ఉద్దేశమూ మాకు లేదు. బిడ్డ నిద్రలో పళ్లు కొరికితే బెల్లం తినబట్టేనని తీర్పు చెప్పి, మరుగుదొడ్డిలో వడ్ల బస్తాలు పేర్చి, చెంబుతో చెరువుగట్టుకు నడిచే పెద్దలు మాలో ఉండగా తమరికి వేరే వకీలు దేనికి?

అయితే నారిపురుగు గారి గతి గుర్తుందా? మీటరు దాకా పొడవుండే ఆ దొర కాలి పుండులోంచి తల బయటపెడితే పుల్లకు చుట్టి రోజుకింత చొప్పున లాగేవారు. ఆయనకు మందూ లేదు, టీకా లేదు. దిగుడుబావులు మానిపించి, నీళ్లు గుడ్డతో వడగట్టించగా, 1996 తరువాత మన దేశంలో ఆయన జాడ లేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ సంగతి ధ్రువీకరించింది. తమరు మాత్రం భయపడనవసరం లేదు, ఎందుకంటే తమరికి మందు ఉన్నది. ఫిబ్రవరి 10న బడిలో 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తాము, చేతులు కడుక్కోమనే బొమ్మ కింద కుళాయి మాత్రం ఎండిపోయే ఉంటుంది. ఆ మాత్ర దెబ్బకు చక్కెర అందక తమరు ఇల్లు ఖాళీ చేసినా, పెరటి మట్టిలో ఏళ్ల తరబడి బతకగల తమరి గుడ్లు ఆగస్టు 10 నాటి మాత్రకు ముందే కొత్త కాపురాలు పెట్టగలవు.

ఇట్లు,
తమరికి పూటపూటా వడ్డిస్తున్నవారు