అందరూ వేలు పెట్టిన పెళ్లి

మా అన్నయ్య కూతురి పెళ్లి మాఘమాసంలో మూడు రోజుల్లో ముగిసింది. ఆ పెళ్లి ఫోటోల ఎంపిక ఇప్పుడు ఎనిమిదో నెలలో నడుస్తోంది. పెళ్లితంతు అప్పగింతలతో పూర్తవుతుందని మన పెద్దలు రాసిపెట్టారంటే అది వారి తప్పు కాదు, వారి కాలానికి ట్యాబ్ లేదు.

ఫోటోగ్రాఫర్ పెన్ డ్రైవ్‌లో 4,812 ఫోటోలు ఇచ్చాడు. ఆల్బమ్‌కు 40 షీట్లు మాట్లాడుకున్నాం కాబట్టి 250 ఏరి ఇస్తే చాలన్నాడు. బియ్యంలో రాళ్లు ఏరడం లాంటి పనే అనుకున్నాను. రాళ్లయితే కనిపిస్తాయి. ఇక్కడ ఒకే క్షణానికి పద్నాలుగు ఫోటోలు, పద్నాలుగూ కవలలు. ఇప్పటి కెమెరా మీట నొక్కి పట్టుకుంటే సెకనుకు పది ఫోటోలు తీస్తుంది కనుక మా ఇంటి తలంబ్రాల్లో దాదాపు ప్రతి గింజకూ విడిగా ఒక ఫోటో ఉంది.

మా అన్నయ్య పెళ్లినాటికి రీలుకు 36 ఫోటోలు. మూడు రీళ్లు కొన్నారు, మొత్తం 108. అష్టోత్తరం సరిగ్గా సరిపోయింది. అందులో మూడింట పెళ్లికొడుకు కళ్లు మూసుకున్నాడు, ఒకదానిలో పురోహితుడి వీపు తప్ప మరేమీ లేదు. అన్నీ ఆల్బమ్‌లోకి ఎక్కాయి. ఆ వీపును ముప్పై ఏళ్లుగా ఇంటికి వచ్చిన ప్రతివారికీ చూపిస్తున్నాం. ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు.

గంభీరమైన వ్యాసమన్నాక కాస్త చరిత్ర చెప్పడం మర్యాద. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవ్ శాసన్ అనే కుర్ర ఇంజినీరు కట్టిన డిజిటల్ కెమెరా ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుంది. ఆ బొమ్మను టీవీ తెర మీద చూశారు. అంటే డిజిటల్ ఫోటో పుట్టుకతోనే తెర ముందు నలుగురు చేరి చూసే వ్యవహారం. ఇక 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్‌కు అసలు కెమెరాయే లేదు. ఇతరులు తీసిన ఫోటోలను చూడడానికీ, వాటికి వంకలు పెట్టడానికీ అవతరించిన వస్తువది. ఆ రెండో విద్య మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

కంప్యూటర్ ఉన్న రోజుల్లో మౌస్ ఒక్కరి చేతిలో ఉండేది. మిగిలినవాళ్లు కుర్చీ వెనక నిలబడి సలహాలిచ్చేవారు, కుర్చీలో ఉన్నవాడు వినిపించనట్టు నటించేవాడు. రాజ్యం ఏదోలా నడిచేది. ట్యాబ్ వచ్చి ఆ ఏకఛత్రాధిపత్యాన్ని కూల్చేసింది. అది తాంబూలం పళ్లెంలా చేతులు మారుతుంది. ఎవరి ఒళ్లోకి వస్తే వారే సంపాదకులు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకన్న సామెతకు ఇన్నాళ్లకు సరైన యంత్రం దొరికింది. ఇక్కడ అన్నీ గోటితోనే పోతాయి.

మొదటి సాయంత్రం పళ్లెం మా అమ్మ చేతికి వెళ్లింది. అప్పుడే సున్నుండ తిన్న చేయి. రెండు వేళ్లు తెర మీద పొరపాటున ఎడంగా జరిగాయి. అమ్మ చాలాసేపు చూసి, "ఒరేయ్, మీరు ఉండవల్లి గుహలకు ఎప్పుడు వెళ్లారురా? నాకు చెప్పనే లేదు" అంది. అది మనవరాలి భర్త ముక్కు. తెర మీద నేతి వేలిముద్ర మూలాన అక్కడ కొంత పొగమంచు కూడా ఉంది. ఆ పొగమంచును తొలగించడానికి మా అన్నయ్య కొడుకు ఫోటోలు దిద్దే యాప్‌లో రెండు నిమిషాలు కష్టపడ్డాడు, తర్వాత చొక్కా కొసతో తుడిచాడు.

అసలు యుద్ధం సుముహూర్తం ఫోటో దగ్గర మొదలైంది. వదినకు చీర జరీ కనిపించాలి. కంచి వెళ్లి, రెండు రోజులుండి కొన్న చీర అది. మా చెల్లెలికి అమ్మాయి ముఖం తెల్లగా కనిపించాలి. తెలుగు ఇళ్లలో పెళ్లికూతురి ముఖం మీద మేనత్తకు పుట్టుకతో వచ్చే హక్కు ఇది, ఎవరూ ఎదురు చెప్పరు. చెప్పకపోవడం మా అందరి సిగ్గుమాలినతనం. వెలుగు పెంచే గీత మీద చెల్లెలు వేలు కుడివైపుకు జరిపింది. ముఖం తెల్లబడింది, జరీ మండిపోయి సున్నం గీతలా మిగిలింది. వదిన ఎడమవైపుకు జరిపింది. పువ్వు పువ్వునా జరీ లేచి వచ్చింది, అమ్మాయి సంధ్యవేళలోకి వెళ్లిపోయింది. ఈ కుడి ఎడమల మధ్య కాఫీలు రెండుసార్లు వచ్చాయి.

జరీనీ ముఖాన్నీ ఒకేసారి బాగా చూపించలేమా అని ఫోటోగ్రాఫర్‌కు ఫోన్ చేశాను. అతను ఓపికగా చెప్పాడు. మనకు ఇచ్చినవి జేపెగ్ ఫోటోలు, అంటే కుదించి దాచినవి, వాటిలో ఒక్కో రంగుకు వెలుగులో 256 మెట్లే. కెమెరా పట్టుకున్నది పట్టుకున్నట్టు పచ్చిగా దాచే 14 బిట్ల 'రా' ఫైలులోనైతే 16,384 మెట్లు. జేపెగ్‌లో ఒకసారి తెల్లగా మండిపోయిన జరీని ఏ గీత జరిపినా వెనక్కి తేలేం, రా ఫైలు ఉంటే చాలావరకు తేవచ్చు. మరి ఆ రా ఫైలు ఇవ్వరాదా అన్నాను. వంటవాణ్ని పోపుల డబ్బా ఇమ్మని అడిగినట్టు చూశాడని ఫోన్‌లోనే తెలిసింది.

చివరకు మా అన్నయ్య కొడుకు మధ్యేమార్గం కనిపెట్టాడు. ముఖం మీద మాత్రమే వేలితో రుద్ది అక్కడ మాత్రమే వెలుగు పెంచాడు. మెడ దాకా రుద్దడం మరిచాడు. చేతుల గోరింటాకు ఎర్రగా రావాలని ఇంకెవరో అక్కడ విడిగా రుద్దారు. ఫలితంగా ముఖం ఒకరిది, మెడ ఒకరిది, చేతులు ఇంకొకరివిగా ముగ్గురమ్మాయిలు ఒకే చీరలో మా అల్లుడి పక్కన కూర్చున్నారు. వదిన కోరిన జరీ మాత్రం దివ్యంగా వచ్చింది.

దీన్ని చూసి కాలం చెడిందనేవారు పాత స్టూడియోలను ఎరగరు. అక్కడ టచింగ్ అనే విద్య ఉండేది. వెనక నుంచి వెలుతురు వచ్చేలా ఏటవాలు బల్లకు గాజు బిగించి, దాని మీద నెగెటివ్ ఉంచి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో మొటిమనో మచ్చనో మాయం చేసేవారు. వెలిగే గాజు పలక, దాని మీద పెన్సిల్. ట్యాబ్ అమ్మేవాడు కొత్తగా కనిపెట్టానంటున్నది ఆ బల్లనే. ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీనదయాళ్ వాడినవి గాజు ప్లేట్లు. ఆయన అదృష్టం ఏమిటంటే, జనానాకు ప్లేటు పంపితే అది చేతులు మారి, సగం తుడుచుకుపోయి తిరిగి వచ్చే ఏర్పాటు అప్పట్లో లేదు. ఉండి ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇవాళ చూడడానికి ఏమీ మిగిలేది కాదని నా ప్రగాఢ విశ్వాసం.

రంగుల సంగతి ఇంకో కథ. హాల్లో ట్యూబ్‌లైటు కింద చూసి మధుపర్కాలు పసుపుపచ్చగా ఉన్నాయని ఒకరు నీలి ఛాయ పెంచారు. బాల్కనీలో ఎండకు చూసి ఇంకా పచ్చగానే ఉన్నాయని మరొకరు ఇంకొంచెం పెంచారు. గదిలో వెలుతురును బట్టి తెర తన రంగును తానే మార్చుకుంటుందనీ, ఆ ఏర్పాటును ముందు ఆపాలనీ ఎవరికీ తోచలేదు. మూడో రోజుకు మధుపర్కాలు నీలిమందులో ముంచి ఆరేసినట్టయ్యాయి. అమ్మాయి పాదాలకు రాసిన పసుపు ఎటు పోయిందో దేవుడికెరుక. మచ్చుకు రెండు షీట్లు అచ్చు వేయిస్తే పగటి పెళ్లి కాస్తా రాత్రి పెళ్లయింది. మేము తెర వెలుతురు నిండుగా పెట్టుకుని దిద్దాం. తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితానికి ఆ శక్తి లేదు. తిలాపాపం తలా పిడికెడు పంచుకుని, నింద మాత్రం ప్రెస్సువాడికి ఇచ్చాం.

కనుక ప్రభుత్వానికీ, శుభలేఖలు అచ్చువేసేవారికీ నాది ఒక విన్నపం. విందు, రిసెప్షన్ వివరాల కింద "ఫోటో ఎంపిక ముహూర్తం" అని ఇంకో వరుస చేర్చాలి. ఆ ముహూర్తానికి చేతులు కడుక్కున్నవారినే లోపలికి రానివ్వాలి. మేనత్తలకు గీత జరిపే అధికారం మనిషికి మూడుసార్లకు మించి ఉండరాదు.

ఇక బావగారి విషయం. మా రెండో బావగారు మంచి మనిషి, కానీ కెమెరా కనిపిస్తే పెళ్లికొడుకు భుజం మీద చేయి వేయకుండా ఉండలేరు. వంద పైచిలుకు ఫోటోల్లో ఉన్నారు. మంచి జంట ఫోటో ఒకటైనా విడిగా దొరకదా అని విసిగిపోయి, మా అన్నయ్య కొడుకు ఒక ఫోటోలో ఆయన మీద వేలు రుద్దాడు. యాప్ ఆయనను తుడిచేసి, వెనక అరటి చెట్టును తన సొంత ఊహతో పెంచి నింపింది. అంతా బాగుంది. భుజం మీది చేయి మాత్రం పెళ్లికొడుకు షేర్వాణీలో భాగమనుకుని వదిలేసింది. ఎవరూ గమనించలేదు. ఎట్టకేలకు తేలిన 250లో అదీ చేరింది.

పోయిన ఆదివారం బావగారు వచ్చారు. కళ్లజోడు సర్దుకుని, ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే జరుపుతూ ఒకచోట ఆగారు. రెండు వేళ్లతో పెద్దది చేశారు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఒక చేయి, దాని ఉంగరం వేలికి నవరత్నాల ఉంగరం. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. బావగారు ట్యాబ్ పక్కన తన చేయి పెట్టి చూసుకున్నారు.

"ఇది నా ఉంగరమే" అన్నారు.

మా అన్నయ్య కొడుకు లేచి, "మామయ్యా, ఒక్క క్షణం, పాతది తెప్పిస్తాను" అని ట్యాబ్ అందుకోబోయాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. ఆ యాప్ అసలు ఫోటోను ముట్టుకోదు. మనం చేసిన మార్పులన్నీ పక్కన చిట్టాలా రాసుకుని, ఆ చిట్టా ప్రకారం వేషం కట్టి చూపిస్తుంది. చిట్టా చెరిపితే బావగారు సంపూర్ణంగా తిరిగి వస్తారు. ఎనిమిది నెలలు మేము కొట్టుకున్నవన్నీ అలా ఒక్క మీటతో వెనక్కి పోయేవేనని ఆ క్షణం దాకా వాడు మాకు చెప్పలేదు.

"ఉండరా" అని బావగారు వాణ్ని ఆపారు. ఇంకోసారి పెద్దది చేసి చూశారు. "కెంపు ఇంత ఎర్రగా ఏ ఫోటోలోనూ పడలేదు. ఇది ఇలాగే ఉండనీ. నేనున్నది కూడా పక్కనే వేయించండి."

లెక్క 251 అయింది. ఏదో ఒకటి తీసేయాలి. ట్యాబ్ మళ్లీ అమ్మ చేతికి వెళ్లింది.