తెలుగు అని చెప్పి ఉంటే రెండు పాయింట్లు వచ్చేవి

గత శీతాకాలంలో ఒక మంగళవారం రాత్రి, మా ఊరి క్విజ్ లీగు పోటీలో, నా వంతుకు ఈ ప్రశ్న వచ్చింది: "భారతదేశంలో హిందీ, బెంగాలీల తరువాత అత్యధికులకు మాతృభాష అయినది ఏది?" మా జట్టులో మిగిలిన ముగ్గురూ ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో పుట్టి పెరిగినవారు. ఈ రెండు పాయింట్లు మనవేనన్న ధీమాతో వారు నా వైపు చూశారు. నేను మరాఠీ అన్నాను. క్విజ్ మాస్టరు తన చేతిలోని కాగితం చూసి, తప్పు అని చెప్పి, ప్రశ్నను ఎదుటి జట్టుకు ఇచ్చారు. వారు కాసేపు తమలో తాము మాట్లాడుకుని, నా మాతృభాష ఏమిటో తెలిసినవారు కనుక, తెలుగు అన్నారు. బోనస్ పాయింటు వారికి వెళ్ళింది.

కాగితం మీద ఉన్న జవాబు ఒకప్పుడు నిజమే. 2001 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 7.40 కోట్లు, మరాఠీవారు 7.19 కోట్లు. పదేళ్ళ తరువాత 2011 లెక్కలలో మరాఠీవారు 8.30 కోట్లు అయ్యారు, మనం 8.11 కోట్లతో నాలుగో స్థానానికి దిగాము. ప్రశ్న కూర్చినవారు ఏదో పాత పుస్తకం నుంచి దానిని తీసుకుని, ఏ సంవత్సరపు లెక్కో రాయకుండా వదిలివేశారు. నా భాషకు అనుకూలంగా ఉన్న తప్పును నేను కాదనవలసి వచ్చినందుకు ఆ రాత్రి ఇంటికి వస్తూ బాధపడ్డాను. అయితే ఆ బాధలోనే, ఎన్నో ఏళ్ళుగా ఇక్కడి మన తెలుగు సంఘం వారితో చెప్పాలనుకుంటున్న ఒక మాట నాకు స్పష్టపడింది. క్విజ్‌లో అందరూ జవాబు చెప్పేవారి తెలివినే చూస్తారు కానీ, అసలు బరువు మోయవలసినది ప్రశ్న కూర్చేవారు.

లీగు అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం కొంచెం చెబుతాను. పబ్బులో వారానికొకసారి ఎవరైనా వచ్చి ఆడే క్విజ్ వేరు, లీగు వేరు. మేముండే ఈ ఇంగ్లండులో పబ్బు క్విజ్ బాగా వ్యాపించినది 1970లలో, రద్దీ లేని రాత్రులలో జనాన్ని రప్పించటానికి. లీగు మాత్రం క్రికెట్ లీగులాంటిది. జట్టుకు నలుగురు ఉంటారు, ఒక వారం సొంత పబ్బులో, మరొక వారం ఎదుటివారి పబ్బులో ఆడతారు, సీజను చివర పాయింట్ల పట్టిక తేలుతుంది. మా లీగులో ప్రతి ఒక్కరికీ వంతులవారీగా ప్రశ్న వస్తుంది. ఎవరినీ అడగకుండా తానే చెబితే రెండు పాయింట్లు, జట్టుతో సంప్రదించి చెబితే ఒకటి, తప్పితే ఎదుటివారికి అవకాశం. ప్రశ్నలు ఎక్కడి నుంచో కొనుక్కు రావు. ఆ వారం ఆడని జట్టు వాటిని కూర్చి పంపుతుంది. ఆట అయ్యాక సాండ్విచ్‌లు, వేడి చిప్స్ వస్తాయి, అందరూ కలిసి ప్రశ్నలను తిరగేస్తారు. నేను నిమ్మరసం తాగుతూనే పదకొండేళ్ళుగా ఆడుతున్నాను. పబ్బు అన్న మాట వినగానే వెనుకంజ వేసే మన పెద్దలకు ఈ సంగతి చెప్పాలని ఉంటుంది.

ప్రశ్న కూర్చేవారి బరువు ఎంతటిదో తెలియటానికి ఈ ఆటలో అందరూ చెప్పుకునే ఒక కోర్టు వ్యవహారం ఉంది. ఫ్రెడ్ వర్త్ అనే అమెరికన్ రచయిత చిల్లర విశేషాల పుస్తకాలు రాస్తూ, తనను ఎవరైనా ఎత్తిరాస్తే పట్టుకోవచ్చని, కావాలనే ఒక అబద్ధం అందులో పెట్టాడు. టీవీలో వచ్చే డిటెక్టివు కొలంబో మొదటి పేరు ఫిలిప్ అని రాశాడు. ధారావాహికలో ఆ పాత్ర మొదటి పేరును ఎవరూ పైకి పలకరు. ఆయన చూపించే గుర్తింపు కార్డు మీద మాత్రం ఫ్రాంక్ అని ఉంటుంది. కెనడాలో 1979లో ఇద్దరు మిత్రులు కల్పించిన ట్రివియల్ పర్స్యూట్ అనే ప్రశ్నల ఆటలో ఈ ఫిలిప్ ప్రత్యక్షమయ్యాడు. వర్త్ 1984లో 30 కోట్ల డాలర్లకు దావా వేశాడు. ఆట తయారు చేసినవారు ఆయన పుస్తకాలు వాడుకున్నామని ఒప్పుకున్నారు, అయినా వాస్తవాల మీద ఎవరికీ కాపీరైటు ఉండదన్న కారణంతో ఆయన ఓడిపోయాడు. అందరూ ఇందులో దావా సంగతే గుర్తు పెట్టుకుంటారు. నన్ను కలవరపెట్టేది మరొకటి: ఒక మనిషి ఒక గదిలో కూర్చుని అల్లిన పేరును, అచ్చులో ఉన్నదన్న ఒక్క కారణంతో, ఎన్నో ఇళ్ళలో జనం సరైన జవాబుగా చదివి పాయింట్లు ఇచ్చుకున్నారు. తనిఖీ లేని ప్రశ్న చేసే హాని అదే. తెలిసినవాడిని శిక్షిస్తుంది, తెలియనివాడికి అబద్ధం నేర్పి పంపుతుంది.

ఇక అబద్ధం కాకపోయినా కాలం చెల్లిపోయే జవాబులున్నాయి. సౌరకుటుంబంలో ఎక్కువ ఉపగ్రహాలున్న గ్రహం ఏది అన్న ప్రశ్ననే తీసుకోండి. మనం బడిలో బృహస్పతి అని రాశాము. 2019 అక్టోబరులో శనిగ్రహం 82తో ముందుకు వచ్చింది, అప్పటికి బృహస్పతికి 79. 2023 ఫిబ్రవరి నాటికి బృహస్పతి 92కు చేరి మళ్ళీ పైకి వెళ్ళింది, అదే ఏడాది మే నెలలో శని 145తో దాటేసింది, 2025 మార్చిలో ఏకంగా 274 అయింది. ఒకే ప్రశ్నను నాలుగేళ్ళలో నాలుగుసార్లు అడిగితే జవాబు మూడుసార్లు మారుతుంది. కజకస్తాన్ రాజధాని 2019లో అస్తానా నుంచి నూర్‌సుల్తాన్ అయి, 2022లో తిరిగి అస్తానా అయింది. ఇలాంటి ప్రశ్నలు అడగకూడదని నేను అనను. ఏ నాటి లెక్కో ప్రశ్నలోనే చెప్పాలి, ఆ వారం మరొకసారి చూసుకోవాలి.

మన సంఘాల క్విజ్‌లలో, ఉగాదికీ సంక్రాంతికీ పిల్లలను వేదిక ఎక్కించి అడిగే ప్రశ్నలలో, ఈ లోపం మరింత ఎక్కువ. మన జాతీయ క్రీడ ఏది అని అడిగి హాకీ అన్న పిల్లవాడికి బహుమతి ఇస్తాము. ఏ క్రీడనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడల మంత్రిత్వశాఖ 2012లో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చింది. భాష ప్రాతిపదికన ఏర్పడిన మొదటి రాష్ట్రం ఏది అని అడిగి ఆంధ్రప్రదేశ్, 1956 అని రాసుకుంటాము. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడినది ఆంధ్ర రాష్ట్రం. హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ వచ్చినది 1956 నవంబరు 1న. స్వతంత్ర భారతదేశంలో అన్న రెండు మాటలు ప్రశ్నలో లేకపోతే, 1936లోనే ప్రత్యేక రాష్ట్రమైన ఒడిశావారు చేయి ఎత్తితే వారిని కాదనలేము.

పింగళి వెంకయ్యగారి విషయంలో నాకు పట్టింపు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అజాగ్రత్తగా అడిగిన ప్రశ్న ఆయన కీర్తికే చేటు. జాతీయ పతాకాన్ని రూపొందించినది ఎవరు అని ఊరికే అడిగితే, 1947 జూలై 22న ఆమోదం పొందిన అశోకచక్రమున్న పతాకం గురించి ఎవరైనా వాదన లేవదీస్తారు, ఆ వాదనలో ఆయన పేరు నలుగుతుంది. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల సందర్భంగా గాంధీజీకి పతాక నమూనా అందించిన తెలుగువారు ఎవరు అని అడిగితే ప్రశ్నలో ఎవరూ వేలు పెట్టలేరు. పైగా వినే పిల్లలకు ఊరు, సంవత్సరం, సందర్భం కూడా అందుతాయి. జవాబు తెలియని బిడ్డ కూడా ఆ ప్రశ్న నుంచి కొంత పట్టుకుని ఇంటికి వెళుతుంది.

సరిగ్గా ఉండటం ఒక్కటే చాలదు. జవాబు తెలియనివారికి కూడా దారి చూపే ప్రశ్న మంచి ప్రశ్న. నాలుగేళ్ళ క్రితం ప్రశ్నలు కూర్చే వంతు మా జట్టుకు వచ్చినప్పుడు, మొదటి ఉత్సాహంలో నేను శాతవాహనుల మీద, నన్నయ మీద ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను. మా జట్టు పెద్ద, రైల్వేలో పనిచేసి రిటైరైన ఆయన, వాటిని చదివి చాలా మర్యాదగా, "ఇవి మీకు తెలుసు, మాకు తెలియదు, మధ్యలో మేము నడవటానికి ఏమీ లేదు" అన్నారు. ఆ మాట నన్ను వారం రోజులు వేధించింది. చివరికి ఈ ప్రశ్న రాశాను: ఆస్ట్రేలియాలో ఉండే, పొడవాటి మూతి ఉన్న ఏ చిన్న సంచిజంతువు పేరు, పంది, ఎలుక అన్న అర్థాలున్న రెండు తెలుగు మాటల నుంచి వచ్చింది? జవాబు బ్యాండికూట్, అంటే మన పందికొక్కు. మన దేశపు పెద్ద ఎలుకకు ఇంగ్లీషువారు పెట్టుకున్న ఆ పేరే ఆస్ట్రేలియా జంతువుకు అంటుకున్నది. ఆ రాత్రి ఒకచోట జంతువుల గురించి తెలిసిన ఆవిడ చెప్పింది, మరొకచోట 1996లో వచ్చిన క్రాష్ బ్యాండికూట్ వీడియో ఆట ఆడి పెరిగిన యువకుడు చెప్పాడు. ఇద్దరికీ తెలుగు రాదు. ఇద్దరూ వేర్వేరు దారులలో ఒక తెలుగు మాట దగ్గరకు నడిచి వచ్చారు. మన భాష గురించి నేను ఇచ్చిన ఏ ఉపన్యాసమూ అంత పని చేయలేదు.

అప్పటి నుంచి అటువంటి దారుల కోసమే వెతుకుతున్నాను. లివర్‌పూల్ చుట్టుపక్కలవారికి రోనాల్డ్ రాస్ పేరు పరిచయమే, ఆయన అక్కడి ఉష్ణమండల వైద్య పాఠశాలలో పనిచేస్తూ 1902లో నోబెల్ బహుమతి పొందిన మొదటి బ్రిటిషువాడు అయ్యాడు. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో ఆయన 1897 ఆగస్టు 20న చూసినది సికింద్రాబాదులో. అందుకే ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. ఈ మూడు కొసలలో ఏది ఇచ్చి ఏది అడగాలన్నదే కూర్చేవారి నేర్పు. ఇంగ్లండులో సికింద్రాబాదు పేరు జవాబుగా అడిగితే గది నిశ్శబ్దమవుతుంది. సికింద్రాబాదు పేరు, తేదీ ఇచ్చి, ఏ జబ్బు రహస్యం అక్కడ బయటపడింది అని అడిగితే నాలుగు బల్లల దగ్గరా గుసగుసలు మొదలవుతాయి. మన పిల్లల ముందు దానినే తిప్పి అడగవచ్చు.

ఈ శ్రద్ధ మనకు కొత్తగా నేర్చుకోవలసినది కూడా కాదు. 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ ఒక చర్చి హాలులో మొదటి బహిరంగ క్విజ్ నిర్వహించిన ఐదేళ్ళకు, 1972లో, హైదరాబాదులో కే సర్కిల్ మొదలైంది. దేశంలో అన్నిటికంటే పాత క్విజ్ క్లబ్బుగా దానికి పేరు. సభ్యులే ప్రశ్నలు కూర్చుకుని, సభ్యుల ముందే పెట్టి, లోపం ఉంటే అక్కడే నిలదీయించుకునే పద్ధతి అటువంటి క్లబ్బులకు ప్రాణం. ఆ నగరం నుంచి వచ్చినవారు మన సంఘంలో ఎంతోమంది ఉండగా, ఉగాది క్విజ్ ముందురోజు రాత్రి ఒకే మనిషి ఫోనులో దొరికిన యాభై ప్రశ్నలను ఎత్తిరాసి తెచ్చే పరిస్థితి ఎందుకు ఉండాలి? ఆ మనిషిని నేను తప్పు పట్టటం లేదు, చాలాసార్లు హాలు బుక్ చేసినదీ, పులిహోరకు బియ్యం తెచ్చినదీ ఆయనే.

నేను అడిగేది కొంచెమే. వచ్చే ఏడాది నుంచి ప్రశ్నలను నాలుగు కుటుంబాలు పంచుకుని కూర్చాలి. ప్రతి ప్రశ్న పక్కన దానిని ఎక్కడ, ఏ నెలలో సరిచూశారో రాయాలి. పోటీకి రాని ఇద్దరికి, అందులో ఒకరు ఇక్కడే పుట్టిన పిల్లలైతే మరీ మంచిది, ముందే వినిపించి చూడాలి. వేదిక మీద ఎవరైనా జవాబును ప్రశ్నిస్తే కాగితాన్ని పట్టుకు వేలాడకుండా, ఇద్దరికీ పాయింట్లు ఇచ్చి, మరునాడు సరిచూసి అందరికీ తెలియజేయాలి. సినిమా ప్రశ్నలు మూడో వంతు మించకపోతే నాకు సంతోషం, కానీ అది నా అభిరుచి మాత్రమే.

ఈ వసంతకాలంలో ప్రశ్నలు కూర్చే వంతు మళ్ళీ మాకు వచ్చింది. పోయిన సీజనులో నన్ను ఓడించిన ప్రశ్ననే తీసుకుని, ఇలా తిరగరాశాను: "2001 జనాభా లెక్కలలో భారతదేశంలో మూడో స్థానంలో ఉన్న తెలుగును, 2011 లెక్కలలో ఏ భాష దాటింది? ఆ భాష మాట్లాడే రాష్ట్ర రాజధాని దేశంలోని పెద్ద ఓడరేవులలో ఒకటి." ఆ రాత్రి చదివేవాడిగా నేను కూర్చున్న పబ్బులో, ప్రశ్న వచ్చినది ఎప్పుడూ భారతదేశం చూడని ఒక వృద్ధురాలికి. ఆమె కళ్ళు మూసుకుని, ఓడరేవులను ఒక్కొక్కటిగా గొణుక్కుంటూ, మద్రాసు దగ్గర ఆగి, కాదని తల ఊపి, బొంబాయికి వచ్చింది. అక్కడి భాష పేరు కోసం మరికొంతసేపు వెతుక్కుంది. జట్టువారు సహాయం చేయబోతే చేయి అడ్డం పెట్టి, మరాఠీ అని తానే చెప్పింది. నేను రెండు పాయింట్లు వేశాను. ఆట అయ్యాక చిప్స్ పళ్ళెం పట్టుకుని నా దగ్గరకు వచ్చి, అయితే తెలుగు ఎక్కడ మాట్లాడతారు అని అడిగింది.