వికీ పెట్టేశాం, ఇక రాసేవాళ్లు దొరికితే చాలు

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టి నలుగురూ కలిసి రాసే సాఫ్ట్‌వేర్‌కి, ఒక వయసు రాగానే వికీ, అంటే ఎవరైనా రాసి దిద్దగల పేజీల సైటు, పెట్టాలన్న కోరిక పుడుతుంది, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. డాక్యుమెంటేషన్ (వాడేదెలాగో చెప్పే రాతలు) లేదు మొర్రో అని ఎవరో ఏడుస్తారు, వెంటనే ఇంకొకాయన లేచి "షేర్డ్ వికీ పెడదాం, అందరం కలిసి రాసుకుందాం" అంటాడు. ఇందులో "పెడదాం" వరకే జరుగుతుంది. ఆ "అందరం" అనేవాళ్లు ఎక్కడుంటారో, ఏం చేస్తుంటారో ఇంతవరకు ఎవరికీ తెలీదు.

నాకు తెలిసిన ప్రాజెక్టు ఒకటుంది, పేరొద్దులెండి, పాత తెలుగు పుస్తకాల స్కాన్లని యూనికోడ్ టెక్స్ట్‌లోకి మార్చే టూల్. కోడ్ బానే ఉంటుంది, కాకపోతే ఇన్‌స్టాల్ చేయడం ఎలాగో ఇద్దరికే తెలుసు, అందులో ఒకాయన డాలస్‌లో ఉంటాడు. వాళ్ల వికీ మీటింగ్ చూసే భాగ్యం నాకు దక్కింది, మనకి ఆదివారం పొద్దున, ఆయనకి శనివారం రాత్రి. అజెండా ఒక్కటే. ఏ వికీ సాఫ్ట్‌వేర్?

ఒకతను మీడియావికీ అన్నాడు, వికీపీడియా నడిచేదే దాని మీద, రేపు మనం పెరిగితే స్కేల్ అవ్వాలి కదా అని. పెరిగితే అంట! కాల్‌లో ఉన్నదే పదకొండు మంది, అందులో ఇద్దరు మ్యూట్‌లో నిద్రపోతున్నారు. ఇంకొకతను దానికి డేటాబేస్ కావాలి, పీహెచ్‌పీ కావాలి, వాటికి అప్‌డేట్లు ఎవడు చేస్తాడు, డోకువికీ పెడితే డేటాబేసే అక్కర్లేదు, పేజీలన్నీ ఉత్త టెక్స్ట్ ఫైళ్లు అన్నాడు. మన కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్లో వికీ ట్యాబ్ ఉండనే ఉందిగా అని ఒకమ్మాయి అనేసరికి, అది వేరే రిపాజిటరీ అండీ, దానికి పుల్ రిక్వెస్టులు, అంటే నా మార్పు చూసి కలుపుకోండి అనే విన్నపాలు, పెట్టడానికి లేదు, రివ్యూ లేకుండా ఏ పేజీని నమ్ముతాం అని ఒకాయన గుండెలు బాదుకున్నాడు. అప్పటికి ఒక్క పేజీ లేదు రివ్యూ చేయడానికి. ఇంతలో సీనియర్ ఒకాయన అన్‌మ్యూట్ చేసుకుని, ఫ్రీ సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌ని తీసుకెళ్లి గిట్‌హబ్ లాంటి ఒక కంపెనీ చేతిలో పెడతామా అని స్వేచ్ఛ గురించి మొదలెట్టాడు, అది చాలాసేపు నడిచింది, డాలస్ ఆయన ఆవలింతలు స్పీకర్లో వినబడుతున్నాయి.

తర్వాత లైసెన్సు, అంటే రాతల్ని ఎవరు ఎలా వాడుకోవచ్చన్న షరతులు. రాతలన్నీ క్రియేటివ్ కామన్స్ కింద ఉండాలా జీఎఫ్‌డీఎల్ (గ్నూ వాళ్ల డాక్యుమెంటేషన్ లైసెన్సు) కింద ఉండాలా, వికీపీడియా 2009లో జీఎఫ్‌డీఎల్ నుంచి క్రియేటివ్ కామన్స్‌కి ఎందుకు మారింది, మనం రెండూ పెట్టుకోవచ్చా, ఇలా. ఇంకా పిల్లని చూడకుండానే మనవడికి బారసాల పేరు వెతుకుతున్నట్టుంది వ్యవహారం. తర్వాత లోగో. ఆ తర్వాత డార్క్ మోడ్ ఉండాలని అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు, ఆ రోజు తేలింది అదొక్కటే.

వార్డ్ కన్నింగ్‌హాం అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1995లో మొదటి వికీ పెట్టినప్పుడు ఆయనకి కావలసింది, బ్రౌజర్లోనే పేజీ తెరిచి అక్కడికక్కడే ఎవరైనా దిద్దగలగడం. అంతే. మనవాళ్లు చివరికి డోకువికీ పెట్టారు, ఎవరైనా అకౌంట్ తెరవొచ్చన్నారు, వెంటనే కాసినో లింకులు, లోన్ లింకులు, బరువు తగ్గే మాత్రల లింకులు వచ్చి పడ్డాయి. నిజం చెప్పాలంటే ఆ వికీకి క్రమం తప్పకుండా కంట్రిబ్యూట్ చేసింది స్పామర్లే. దాంతో రిజిస్ట్రేషన్ మూసేశారు. ఇప్పుడు అక్కడ అక్షరదోషం దిద్దాలన్నా అడ్మిన్‌కి మెయిల్ పెట్టాలి, అడ్మిన్ ఎవరయ్యా అంటే డాలస్ ఆయనే, మనకి తీరికున్నప్పుడు ఆయన నిద్రలో ఉంటాడు.

సరే, పేజీలైనా చూద్దాం. హోం పేజీలో "స్వాగతం". ట్రబుల్‌షూటింగ్ పేజీలో "త్వరలో". "ఈ వికీలో ఎలా రాయాలి" అన్న పేజీ మాత్రం స్క్రోల్ చేస్తే వేలు నొప్పెడుతుంది, హెడ్డింగుల సైజు దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి. ఇన్‌స్టలేషన్ పేజీలో మొదటి లైను "ముందుగా అవసరమైన లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసుకోండి". ఏవి? అది మన పూర్వజన్మ సుకృతాన్ని బట్టి. రెండో లైనులో కమాండు పైథాన్ భాష పాత వెర్షన్, పైథాన్ 2ది. పైథాన్ 2కి 2020 జనవరి 1తోనే సపోర్ట్ ఆపేశారు, ఆ కబురు ఈ పేజీకి ఇంకా అందలేదు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగుంటుంది. నర్సరావుపేట నుంచి ఒక డిగ్రీ అమ్మాయి, కాలేజీ ల్యాబ్‌లో పాత మెషీన్ మీద, ఆ కమాండు కొట్టి కొట్టి గ్రూపులో అడిగింది. "వికీ చూశావా?" "చూశానన్నా, అందులో ఉన్నట్టే చేశా, ఎర్రర్ వస్తోంది." "కోడ్ చదువుకోమ్మా, కోడే డాక్యుమెంటేషన్." ఒక థంబ్స్ అప్, రెండు నవ్వు బొమ్మలు. ఆ పిల్ల కోడే చదివింది, తిప్పలు పడి ఇన్‌స్టాల్ చేసుకుంది, చేసుకుని ఊరుకోకుండా ఏ లైబ్రరీ ఏ వెర్షన్ కావాలో, ఏ ఎర్రర్‌కి ఏం చేయాలో స్క్రీన్‌షాట్లతో సహా రాసి అడ్మిన్‌కి పంపింది. పేజీ పెట్టారు. వారం తిరక్కుండా తీసేశారు. కారణం, హెడ్డింగులు స్టైల్ గైడ్ ప్రకారం లేవట!

సిగ్గుందా అసలు? మీ ప్రాజెక్టు మొత్తంలో పనికొచ్చే పేజీ అదొక్కటి, హెడ్డింగు సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టదు, తీసేయడానికి మాత్రం తీరికుంది. రిలీజ్ నోట్స్‌లో కామా మార్చినవాడికి కూడా థ్యాంక్స్ చెప్పారు, ఆమె పేరు లేదు, ఎందుకంటే ఆమె "కోడ్ రాయలేదు". గిట్‌హబ్ 2017లో చేసిన సర్వేలో డాక్యుమెంటేషన్ అరకొరగానో పాతబడిపోయో ఉంటోందని నూటికి 93 మంది వాపోయారు, అదే సర్వేలో 60 శాతం కంట్రిబ్యూటర్లు తాము డాక్స్ జోలికి ఎప్పుడో గానీ పోమని, అసలే పోమని ఒప్పుకున్నారు. రాయనివాళ్లు సరే, రాసినవాళ్లని ఇలా తరిమితే ఏ వికీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? ఆర్చ్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వాడనివాళ్లు కూడా ఏదైనా పాడైతే ఆర్చ్ వికీకే పరిగెడతారు, అదీ మీడియావికీనే, అందులో మంత్రమేం లేదు, పాతబడ్డ పేజీకి పాతబడిందని బోర్డు తగిలించే మనుషులున్నారు, వచ్చి దిద్దేవాళ్లున్నారు, అంతే.

ఫీచర్ మార్చినవాడు దాని పేజీ కూడా మార్చి తీరాలి, లేకపోతే ఆ మార్పుని మెర్జ్ చేయొద్దు, అంటే కోడ్‌లో కలపొద్దు, కొత్త మెషీన్ మీద ఇన్‌స్టలేషన్ పేజీ చూసి ఒకరు నడిపించే దాకా రిలీజ్ వద్దు అని గ్రూపులో రాశాను. అలా కండిషన్లు పెడితే కంట్రిబ్యూటర్లు పారిపోతారండీ అని జవాబొచ్చింది. నర్సరావుపేట అమ్మాయి గ్రూపులోంచి ఎప్పుడో వెళ్లిపోయింది, ఆవిడ సంగతేంటని అడిగితే, "ఎవరు?" అన్నారు.