చెక్క పాడైతే ఎవరి ఖర్చు?

మా ఇంటి తలుపులు చేయడానికి వచ్చిన ఆచారి గారు మధ్యాహ్నం అన్నానికి వెళ్లినప్పుడు, చెక్కను నునుపు చేసే ఆయన చిత్రిక తీసుకున్నాను. నాకప్పుడు పన్నెండేళ్లు. రెండో తోపుకే ఇనుము టేకు పలకలో దిగబడి బెత్తెడు మేర పెచ్చు లేచిపోయింది. ఆయన వచ్చి చూశారు, తిట్టలేదు. పలకను అటుది ఇటు తిప్పి, "నార ఎదురొచ్చింది బాబూ, ఇటు నుంచి తొయ్యి" అంటూ చిత్రికను మళ్లీ నా చేతికే ఇచ్చారు. ఈసారి ఉల్లిపొరలాంటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ పైకొచ్చింది. సాయంత్రం నాన్న ఆ గంటు చూసి అడిగితే, "నా చేతిలోనే జారింది మాస్టారూ" అన్నారు ఆయన.

చేతిపని మీద నా ఇష్టం ఆ పూటే మొదలైంది. ఇప్పటికీ ఆదివారం వస్తే ఏదో ఒక చెక్క ముక్క ముందేసుకుని కూర్చుంటాను. కానీ ఆ దృశ్యంలో ఇంకో కుర్రాడు కూడా ఉన్నాడు. ఆచారి గారబ్బాయి, నా ఈడువాడే. వాణ్ణి మా అరుగు మీద పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టేవారు. ఉలి ముట్టుకుంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "ఈ చాకిరీ నాతో పోవాలి, నువ్వు చదువుకో" అనేవారు.

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. కులం పేరుతో తరతరాలుగా అంటగట్టిన పనిలో కూలి ఎంతో, గౌరవం ఎంతో ఆయనకు తెలుసు. నాకది సెలవుల సరదా. వాడికి అదే జీవితమైపోతుందేమోనని ఆయన భయం. చేతిపనిని ఇష్టపడటానికి ముందు, కాదనుకునే వీలు కూడా ఉండాలి. మన దగ్గర ఆ వీలున్న పిల్లలకు నేర్పే మనిషి దొరకడం లేదు. నేర్పే మనిషి ఇంట్లోనే ఉన్న పిల్లల్ని పని దగ్గరికి రానివ్వడం లేదు.

ఈ సమస్య ప్రభుత్వాలకు తెలియనిది కాదు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్‌లో చదువుకు కేంద్రమే చేతిపని. అది మన బళ్లకు చేరేసరికి వారానికో క్రాఫ్ట్ పీరియడ్‌గా మిగిలింది. ఆ పీరియడ్‌ను లెక్కల మాస్టారు ఎలా లాక్కునేవారో ఆ రోజుల్లో చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగుల దగ్గర, కుమ్మరుల దగ్గర గడపమంది. ఆలోచన మంచిదే. పది రోజుల్లో పని రాకపోయినా రుచి తగులుతుంది, తగలనిస్తే.

చేతివృత్తులవారి కోసం 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గురుశిష్య పరంపరను బలపరుస్తామని చెప్పుకుంది. 18 వృత్తులు, రూ.13,000 కోట్లు. ప్రాథమిక శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు, రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15,000. ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకు ఇది ఆసరాయే, కాదనను. అయితే పరంపర అన్న మాటకు ఇందులో అర్థం వెతికితే దొరకడం కష్టం. వారం రోజుల్లో కొత్త పనిముట్టు వాడకం తెలుస్తుంది. ఆ గంటు తర్వాత ఆచారి గారి దగ్గర మొదటి వారమంతా నేను చేసింది పొట్టు ఊడవడమే.

ఏటికొప్పాక సంగతి చూడండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే ఊరు. తిరుగుతున్న కొయ్యకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్ది నునుపు తెస్తారు. కడ్డీని ఎంత గట్టిగా అదమాలన్నది ఏ సిలబస్‌లోనూ రాయలేం. పక్కన కూర్చుని, కొన్ని బొమ్మలు చెడగొట్టి తెలుసుకోవాల్సిందే. ఆ ఊరి బొమ్మలను రసాయన రంగుల నుంచి తిరిగి చెట్ల రంగుల వైపు మళ్లించడానికి దశాబ్దాలు పట్టుబట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇవన్నీ మొండిగా ఏళ్ల తరబడి పని పక్కనే ఉండిపోతే వచ్చినవి. వారం రోజుల్లో వచ్చేవి కావు.

అలాగని చేతిపనంతా పవిత్రమని పాట పాడక్కర్లేదు. చేనేత ఇంట్లో పుట్టిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే యంత్రం, చేసింది ఎందుకు? చీర చీరకూ వేల సార్లు చెయ్యి ఆడించి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక. ఆ యంత్రం వచ్చాక ఆసు మళ్లీ చేత్తోనే పోద్దామని ఎవరూ బెంగపడరు. మనిషిని అరగదీసే పనిని యంత్రానికి ఇచ్చేసి, మనిషి కన్ను, చెయ్యి కలిసి నిర్ణయించే పనిని పిల్లలకు అందించాలి. ఆ తేడా తెలిసినవాడే మంచి గురువు.

నా మటుకు ప్రభుత్వాన్ని అడిగేది చిన్నదే. మంచి పనివాడు ఇద్దరు పిల్లల్ని, సొంత పిల్లలో పరాయి పిల్లలో, ఆరు నెలలు పక్కన పెట్టుకుంటే ఆ గంటలకు ఆయన మామూలు కూలికి తగ్గకుండా ఇవ్వండి. పాడైన సరుకు ఖర్చు వేరే పద్దుగా భరించండి. ఆచారి గారు నా గంటును ఎలాగో సర్దుకున్నారు, ఆ పలకను అలమరా వెనక వాడేశారు. రోజుకూలీకి పనిచేసే ఇంకొకరు అంత నష్టం మోయలేరు కాబట్టే పిల్లాడి చేతిలోంచి చిత్రిక లాగేసుకుంటారు. దొంగ లెక్కలు రాస్తారు కదా అంటారు ఆఫీసర్లు. రాస్తారు, కొందరు. శిక్షణ కేంద్రాల హాజరు పట్టీల్లో మాత్రం రాయడం లేదా?

మొన్నీమధ్య ఒక పెళ్లిలో ఆచారి గారబ్బాయి కలిశాడు. బ్యాంకులో పని, మంచి ఇల్లు, పిల్లలు స్థిరపడ్డారు. నాన్నగారు అనుకున్నట్టే అయింది. పనిముట్లు ఏమయ్యాయని అడిగాను. ఇనుపవన్నీ పాత సామాన్ల వాడికి వేశాడట. చిత్రిక కొయ్యలు నీళ్లపొయ్యిలోకి వెళ్లాయట. "నువ్వొక్క మాట అడిగి ఉంటే నీకే ఇచ్చేవాణ్ణి కదరా, మా ఇంట్లో వాటిని పట్టుకోవడం ఎవరికొచ్చు?" అన్నాడు.