వెబ్‌సైట్ మనదే, పేరు ఎవరి పేరున ఉంది?

మామిడికాయలు దిగే రోజుల్లో మా బాబాయికి ఊపిరి సలపదు. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫోన్ చేశారు. "ఒరేయ్, మన వెబ్‌సైట్ కొడితే పేకాట వస్తోందిరా. డాలస్ నుంచి ఎవరో ఫోన్ చేసి మరీ అడిగారు, పచ్చళ్లు మానేశారా అని." నేనూ కొట్టి చూశాను. నిజమే. ఆవకాయ, గోంగూర, పండుమిర్చి సీసాల ఫొటోలు ఉండాల్సిన చోట ఎర్రటి తెర మీద పేకముక్కలు తిరుగుతున్నాయి. కింద, రమ్మీ ఆడితే బోనస్ ఇస్తామని రాసి ఉంది.

ఆయనది ఇరవై ఏళ్ల వ్యాపారం. సీసా లేబుల్ మీద, అట్టపెట్టె మీద, డెలివరీ ఆటో వెనక అంతా ఆ డాట్ కామ్ పేరే. ఆరా తీస్తే సంగతి తేలింది. ఆరేళ్ల కిందట ఊళ్లో ఒక కుర్రాడు పన్నెండు వేలకు వెబ్‌సైట్ చేసిచ్చాడు. డొమైన్‌ను, అంటే ఆ డాట్ కామ్ పేరును, తన మెయిల్‌తో, తన పేరునే రిజిస్టర్ చేశాడు. బాబాయి దగ్గర డబ్బు తీసుకుని రెన్యూ చేస్తూ వచ్చాడు. చివరిసారి రెండేళ్లకు ఒకేసారి కట్టి, బెంగళూరులో ఉద్యోగం వస్తే వెళ్లిపోయాడు. గడువు దగ్గర పడుతోందన్న మెయిళ్లన్నీ అతని పాత అడ్రస్‌కే పోయాయి. "అన్నా, ఆ మెయిల్ తెరవడమే మానేశాను" అన్నాడు నాతో. గొంతులో నిజంగానే బాధ ఉంది. అతను మోసం చేయలేదు. ఏడాదికి వెయ్యి రూపాయలు కడితే నిలిచే పేరు, ఎవరూ చూడక చేజారిపోయింది.

డొమైన్ వివాదం అనగానే పెద్ద కంపెనీలే గుర్తొస్తాయి. జియో, హాట్‌స్టార్ కలుస్తాయని ముందే ఊహించి రెండు పేర్లూ కలిపి డొమైన్ తీసుకున్న ఢిల్లీ యువకుడు, దాన్ని ఇచ్చేయడానికి కేంబ్రిడ్జ్‌లో తన చదువు ఖర్చు అడిగితే 2024లో దేశమంతా మాట్లాడుకుంది. బాబాయి లాంటివాళ్ల సంగతి ఏ పేపర్లోనూ రాదు. కానీ నాకు అసలు సమస్య అక్కడే కనిపిస్తోంది. తగాదా వచ్చాక తీర్చడానికి మనకు ఏర్పాట్లున్నాయి. తగాదా పుట్టే చోట, అంటే పేరు ఎవరి పేరున నమోదవుతోంది అన్న దగ్గర, చిన్న వ్యాపారికి ఏ అండా లేదు.

డొమైన్‌ను మాటవరసకు కొన్నామంటాం గానీ అది అద్దె. ఒకప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి, అమెరికాలో ఒక సంస్థ దాన్ని దిద్దుతూ ఉండేది. పేర్లు పెరిగిపోతే 1983లో పాల్ మొకపెట్రిస్ ఇప్పటి పద్ధతి రూపొందించారు. 1998లో ఈ పేర్ల వ్యవస్థను ప్రపంచమంతటికీ చూసే ఐకాన్ అనే సంస్థ పుట్టింది. దాని కింద డాట్ కామ్ లాంటి ఒక్కో తోకకూ దాని పేర్ల చిట్టా చూసే ఒక రిజిస్ట్రీ, వాటి కింద మనకు పేర్లు ఇచ్చే రిజిస్ట్రార్లు. మన డాట్ ఇన్ రిజిస్ట్రీని నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, అంటే నిక్సీ, చూస్తుంది, 2005 నుంచి అది అందరికీ తెరిచి ఉంది.

ఈ గొలుసులో లెక్కకొచ్చే పేరు ఒక్కటే. రిజిస్ట్రెంట్, అంటే పేరు నమోదు చేసుకున్నవారు, అన్న గడిలో ఎవరున్నారన్నదే. డబ్బు ఎవరిచ్చారు, బోర్డు మీద ఎవరి పేరుంది, ఇరవై ఏళ్లుగా పచ్చడి కలుపుతున్నదెవరు, ఇవేవీ అక్కడ అడగరు. పొలమైతే పాస్‌బుక్ ఎవరి పేరున ఉన్నా, సాగులో ఎవరున్నారో చెప్పడానికి ఊరుంటుంది. ఇక్కడ సాక్ష్యం చెప్పే ఊరు లేదు. గడువు దాటాక డాట్ కామ్ పేరుకు రిజిస్ట్రార్ దగ్గర గరిష్ఠంగా 45 రోజులు, ఆ తర్వాత ఎక్కువ ఫీజుతో వెనక్కి తెచ్చుకోవడానికి 30 రోజులు, చివరగా 5 రోజులు ఉంటాయి. చాలామంది రిజిస్ట్రార్లు ఈలోపే వేలానికి పెట్టేస్తారు. పాత పేరుకు గూగుల్‌లో పరపతి ఉంటుంది కాబట్టి బెట్టింగ్ సైట్లవాళ్లు అలాంటి పేర్ల కోసం కాచుకుని ఉంటారు. కొత్త ఓనర్ ఎవరని వెతికితే వివరాలు దాచి ఉన్నాయి. యూరప్ ప్రైవసీ చట్టం అమల్లోకి వచ్చిన 2018 మే నుంచి ఈ పేర్లు, ఫోన్ నంబర్లు బయటకు కనిపించడం దాదాపు ఆగిపోయింది.

"మరి కంప్లయింట్ ఇవ్వడానికి ఎవరూ లేరా?" అని బాబాయి అడిగారు. ఉన్నారు. డాట్ కామ్‌కు 1999లో ఐకాన్ తెచ్చిన యూడీఆర్‌పీ అనే పద్ధతి ఉంది. ఎక్కువ కేసులు జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థ, వైపో, చూస్తుంది. 2023లోనూ 2024లోనూ దాని దగ్గరికి 6 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. ఫిర్యాదుదారు మూడు విషయాలు నిరూపించాలి. ఆ డొమైన్ తన ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉందని, ఎదుటివాడికి ఆ పేరు మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో రిజిస్టర్ చేయడమే కాక దురుద్దేశంతోనే వాడుతున్నాడని. గెలిస్తే పేరు బదిలీ అవుతుంది, లేదా రద్దవుతుంది. నష్టపరిహారం పైసా రాదు.

బాబాయికి ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ లేదు. ఇంతకాలం వాడిన పేరే ట్రేడ్‌మార్క్‌తో సమానమని బిల్లులు, ప్రకటనలు పెట్టి వాదించే వీలుంది. కానీ వైపోలో ఒక్క డొమైన్‌కు, ఒక్క ప్యానెలిస్ట్‌తో తీర్పుకు ఫీజు 1,500 డాలర్లు. మన డబ్బుల్లో లక్ష పాతికవేలు దాటుతుంది. లాయర్ ఖర్చు వేరే. పైగా గడువు ముగిసిన పేరును వేలంలో తీసుకున్నానని అవతలివాడు అంటే, దురుద్దేశం నిరూపించే భారం ఈయన మీదే. విన్నాక బాబాయి ఒకటే అన్నారు. "ఆ డబ్బుతో నాకు ఈ సీజన్ కాయ మొత్తం వస్తుందిరా."

అలాగని నిబంధనలు వదులు చేయమని నేను అనను. చేస్తే పెద్ద కంపెనీలే ముందుగా లాభపడతాయి. ఎప్పుడో న్యాయంగా తీసుకున్న చిన్నవాళ్ల పేర్లను ఫిర్యాదుల పేరుతో లాక్కోవాలని చూసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి, ప్యానెళ్లు వాటిని మందలించాయి కూడా. రుజువు భారం గట్టిగా ఉండాల్సిందే.

మన కోర్టులు ఈ విషయంలో మొదటి నుంచీ చురుగ్గానే ఉన్నాయి. 2001లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ తన పేరుతో వేరొకరు తీసుకున్న డాట్ కామ్ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి గెలిచింది. అయితే పునాది రాయి పడింది 2004 మేలో, సుప్రీంకోర్టులో. అదీ ఒక తెలుగు మూలం ఉన్న కంపెనీ కేసులోనే. సత్యం కంప్యూటర్స్ పెట్టిన సత్యం ఇన్ఫోవే తన రెండు మాటల్లోంచి సిఫీ అనే కొత్త మాట పుట్టించి 1999లో సిఫీనెట్ లాంటి డొమైన్లు తీసుకుంది. 2001లో ఇంకో కంపెనీ ఒక ఎఫ్ ఎక్కువ పెట్టి దాదాపు అదే పేరు రిజిస్టర్ చేసింది. అది మా అయిదుగురు ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరని వాదించింది. బెంగళూరు సివిల్ కోర్టు సత్యం ఇన్ఫోవే వైపు ఆర్డర్ ఇచ్చింది, కర్ణాటక హైకోర్టు దాన్ని తిప్పేసింది, సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. డొమైన్ అంటే ఇంటర్నెట్‌లో చిరునామా మాత్రమే కాదు, వ్యాపారాన్ని గుర్తుపట్టే పేరు కూడా, కాబట్టి ట్రేడ్‌మార్క్‌కు ఉన్న రక్షణ దీనికీ వర్తిస్తుంది అని తేల్చింది. డొమైన్ వివాదాల కోసం ప్రత్యేకంగా రాసిన చట్టం మనకు లేదని ఆ తీర్పులోనే ఉంది. రెండు దశాబ్దాలు దాటినా ఆ మాట మారలేదు.

2011లో అరుణ్ జైట్లీ తన పేరున్న డాట్ కామ్ కోసం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. గెలిచారు. సుప్రీంకోర్టు సీనియర్ లాయర్, పార్టీ అగ్రనేత. అంతటివారికే కోర్టు మెట్లెక్కక తప్పలేదు.

వీటన్నిటికంటే ముందు, 1999లో, యాహూ ఇండియా అన్న డొమైన్ మీద ఢిల్లీ హైకోర్టులో నడిచిన కేసులో ఒక వాదన నాకు తరచూ గుర్తొస్తుంది. ఇంటర్నెట్ వాడేవాళ్లు చదువుకున్నవాళ్లు, టెక్నాలజీ తెలిసినవాళ్లు, కాబట్టి పేరు చూసి మోసపోరు అని ప్రతివాది తరఫున చెప్పారు. కోర్టు ఒప్పుకోలేదు. ఇవాళ మూడు వందల రూపాయల దర్శనం టికెట్ కోసం మనవడి ఫోన్ పట్టుకుని కూర్చున్న మామ్మగారిని చూస్తే ఆ కోర్టు ఎంత ముందు చూపుతో ఆలోచించిందో అనిపిస్తుంది.

తిరుమల పేరుతో ఎన్ని నకిలీ సైట్లు పుట్టాయో టీటీడీ పోలీసు కేసులే చెబుతాయి. 2023లో పెట్టిన కేసు 41వ నకిలీ సైట్ మీద. అప్పటి అసలు పేరు తిరుపతిబాలాజీ, చుక్క, ఏపీ, చుక్క, గవ్, చుక్క, ఇన్. నకిలీలో ఈ మాటల మధ్య చుక్కలు తీసి చిన్న అడ్డగీతలు పెట్టి, చివర ఇన్ బదులు ఆర్గ్ తగిలించారు. అంతే తేడా. మనం పేరు చదివేటప్పుడు ఇంటిపేరు ముందు చూస్తాం. ఇంటర్నెట్‌లో ఇంటిపేరు చివర ఉంటుంది. కుడివైపు చివరన చుక్క, గవ్, చుక్క, ఇన్ ఉంటే అది ప్రభుత్వం ఇంటిది. దాని ముందు ఏం రాసుకున్నా అది ఆ ఇంట్లో మనిషి పేరే. అడ్డగీత పెట్టినవాడు ఆ ఇంటిపేరునే తన సొంత పేరులో కలిపేసుకున్నాడు.

ఇందులో సంస్థల తప్పు కూడా ఉందని చెప్పక తప్పదు. టికెట్ల కోసం టీటీడీ ఒకప్పుడు టీటీడీసేవాఆన్‌లైన్ డాట్ కామ్ అని నడిపింది, తర్వాత తిరుపతిబాలాజీ అంది, 2024 జనవరి నుంచి టీటీదేవస్థానమ్స్ అంటోంది. డాట్ కామ్‌ను నమ్మడం భక్తులకు నేర్పింది ఆ సంస్థే. పేరు మార్చిన ప్రతిసారీ నకిలీవాడికి ఒక కొత్త తలుపు తెరుచుకుంటుంది. గవ్ ఇన్ కిందికి వెళ్లడం మంచి పని. ఇక అక్కడే ఉండాలి.

ముందుగానే కట్టడి చేయడం సాధ్యమేనని బ్యాంకుల విషయంలో తేలింది. 2025 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్ ఆ ఏడాది అక్టోబర్ 31లోగా బ్యాంకులన్నీ బ్యాంక్ డాట్ ఇన్ కిందికి మారాలని ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ మన హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో ఉన్న, రిజర్వ్ బ్యాంక్ పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ. ఎవరు పడితే వాళ్లు అడిగితే ఇవ్వరు, బ్యాంకు అయితేనే ఇస్తారు. నకిలీ పుట్టాక ఒక్కోదాని వెంట పడే బదులు, పేరు ఇచ్చే చోటే గేటు పెట్టారు.

ఇలాంటి ముందుచూపు తెలుగు లిపి విషయంలోనూ పనిచేసింది, చాలామందికి తెలియదు. జల అన్న మాటను కన్నడ అక్షరాల్లో టైప్ చేస్తే చూపుకు ఇంచుమించు అలాగే ఉంటుంది, కంప్యూటర్‌కు మాత్రం అది పూర్తిగా వేరే పేరు. భారత్ అన్న తోక తెలుగు లిపిలో కూడా ఉన్నందున ఈ చిక్కు ఊహ కాదు. ఇంటర్నెట్ అగ్రస్థాయి పేర్ల కోసం, అంటే చివరి తోకల కోసం, మన లిపులకు నిబంధనలు రాసిన నియో బ్రాహ్మీ ప్యానెల్, తెలుగు కన్నడ లిపుల్లో ఒకేలా కనిపించే అక్షరాలను జంటలుగా గుర్తించింది. ఒక లిపిలో అలాంటి తోక ఒకరికి ఇస్తే దాని జంట ఇంకొకరికి పోదు.

బ్యాంకులకు, అక్షరాలకు చేసినంత ఆలోచన చిన్న వ్యాపారికి ఎందుకు చేయరు? కనీసం డాట్ ఇన్ వరకైనా నిక్సీ చేతిలో ఉంది. రిజిస్టర్ చేసేటప్పుడు ఇది ఎవరి వ్యాపారం కోసం అని అడిగి, ఆ వ్యాపారి ఫోన్‌కు కూడా ఓటీపీ పంపమని రిజిస్ట్రార్లకు నిబంధన పెట్టవచ్చు. గడువు దగ్గర పడితే గ్యాస్ బుకింగ్‌కు వచ్చినట్టు తెలుగులో ఎస్సెమ్మెస్ రావాలి. డాట్ ఇన్ వివాదాలకు ఐఎన్‌డీఆర్‌పీ అనే పద్ధతి ఉంది. యూడీఆర్‌పీ కంటే అది ఒక విషయంలో మెరుగు. దురుద్దేశంతో రిజిస్టర్ చేసినా, లేదా దురుద్దేశంతో వాడినా, రెంటిలో ఒకటి చూపిస్తే చాలు. చట్టవిరుద్ధమైన పనికి వాడుతున్నా సరిపోతుంది. ఇంత మంచి నిబంధన చిన్నవాడికి అందాలంటే ఫీజు తగ్గాలి. 2017 ట్రేడ్‌మార్క్ నిబంధనల్లో ఆన్‌లైన్ దరఖాస్తుకు కంపెనీల ఫీజు 9,000 రూపాయలైతే వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు 4,500. అదే సగం పద్ధతి ఇక్కడా పెట్టాలి, ఫిర్యాదు తెలుగులో రాసినా తీసుకోవాలి.

బాబాయి ఇప్పుడు డాట్ ఇన్ పేరు తీసుకున్నారు, తన పేరున, తన ఫోన్ నంబర్‌తో. ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు పెట్టించాను. లేబుళ్లు మళ్లీ అచ్చు వేయించారు. పాత లేబుల్ సీసాలు ఇంకా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఎవరి వంటింట్లోనో ఉన్నాయి. ఆవకాయ అయిపోయి, మళ్లీ తెప్పించుకుందామని వాళ్లు సీసా తిప్పి ఆ పేరు కొడితే వచ్చేది పేకాటే.