ఏటా అధికమాసమే

మన పంచాంగకర్తలు పాతకాలం మనుషులు. చంద్రుడికీ సూర్యుడికీ ఏటా వచ్చే పదకొండు రోజుల తేడాను ఓపిగ్గా కూడబెట్టి, దాదాపు 33 నెలలకోసారి ఒక అధికమాసం ఇచ్చి ఊరుకుంటారు. టెలికాం కంపెనీలకు అంత ఓపిక ఎక్కడిది? నెలంటే 28 రోజులని తేల్చేసి, ఏటా ఒక అధికమాసం ప్రసాదించాయి. అధికమాసంలో శుభకార్యాలు చేయకూడదంటారు. రీచార్జ్‌కు ఆ పట్టింపు లేదు.

జనవరి 1న 28 రోజుల ప్లాన్ వేయించి చూడండి. రెండోది జనవరి 29నే వేయించాలి. అలా వెనక్కి జరుగుతూ జరుగుతూ పదమూడోది డిసెంబరు 3కి వస్తుంది. 31 రాత్రి ఊరంతా కేకులు కోస్తుంటే మీరు పద్నాలుగోది వేయిస్తుంటారు. జీతం మాత్రం పన్నెండుసార్లే. ఈ లెక్కకు కట్టుబడిన నెల ఫిబ్రవరి ఒక్కటే, అదీ లీపు సంవత్సరం కాకపోతే.

28 రోజులంటే సరిగ్గా నాలుగు వారాలు కాబట్టి ఏ వారం మొదలుపెడితే జన్మంతా ఆ వారమే. మా నాన్నగారికి శుక్రవారం పడింది. శుక్రవారం పూట లక్ష్మిని గడప దాటించడం మా ఇంట్లో జరగని పని. అందుకని ఆయన ఆ రోజంతా అవుట్‌గోయింగ్ లేకుండా మౌనవ్రతం పట్టి, శనివారం పొద్దున్నే వేయించారు. ఒకరోజు మిగిలిందని సంబరపడుతుంటే అమ్మ అంది: "స్థిరవారం మొదలెట్టిన ఖర్చు, ఇక కదలదు." కదల్లేదు.

అలాగని పొదుపు తెలియని వంశం కాదు మాది. సెల్‌ఫోన్‌లో ఇన్‌కమింగ్‌కు కూడా డబ్బులు గుంజిన రోజులు చూశాం. 2003లో ఆ బాధ తప్పాక కూడా మాకు మాట్లాడే అలవాటు రాలేదు. ఇంటి ల్యాండ్‌లైన్‌కు ఒక రింగిస్తే బస్సెక్కినట్టు, రెండిస్తే దిగినట్టు, మూడిస్తే స్కూటరు వేసుకుని రమ్మన్నట్టు. ఓసారి ఎవరో రాంగ్ నంబరువాడు మూడు రింగులిచ్చి పెట్టేస్తే నాన్నగారు బస్టాండులో రెండు గంటలు నిలబడ్డారు. అయినా పైసా ఖర్చు కాలేదు (పెట్రోలు వేరే పద్దు).

ఇప్పుడు మాటలు ఎన్నైనా ఉచితం, చెప్పుకోవడానికే ఏమీ లేదు. బదులుగా రోజుకు ఒకటిన్నర జీబీ డేటా. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే మిగిలింది ఆవిరి. అన్నం మిగిలితే పొద్దున తాలింపు వేసుకోవచ్చు, డేటాకు ఆ సదుపాయం లేదు. అందుకే మా ఇంట్లో రాత్రి పదకొండున్నరకు నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని డ్యూటీకి కూర్చుంటారు. వృథా పోకూడదు. తనకు తెలియని భాషలో వంటల వీడియోలు, ఎప్పటికీ కొనని ట్రాక్టర్ల వీడియోలు, నిద్ర బాగా పట్టడానికి చిట్కాలు. పన్నెండుకు రెండు నిమిషాలుందనగా "ఇంకా 200 ఎంబీ ఉందిరా, నీకేమైనా కావాలా?" అని నన్ను లేపుతారు. కంటిచుక్కల మందు నెలకో సీసా అవుతోంది. అది మెడికల్ ఖర్చు కిందికి వస్తుంది.

అమ్మది బటన్ల ఫోను. అందులో టార్చిలైటు తప్ప మరో వినోదం లేదు. ఏళ్ల తరబడి ఆ ఫోనుకూ డేటాతో కలిపే రీచార్జ్ చేయించాం, పళ్లులేనివాడికి చెగోడీలు కొన్నట్టు. 2024 డిసెంబరులో టెలికాం కంపెనీల మీద పెత్తనం చేసే నియంత్రణ సంస్థ ట్రాయ్ కల్పించుకుని మాటలకూ మెసేజ్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్యాకు విడిగా అమ్మాలన్నాకే ఆవిడకు విముక్తి. 2022లో ఇలాగే ట్రాయ్ 30 రోజుల ప్లాను ఒక్కటైనా ఉండాలంది. ఉంది. యాప్‌లో బొటనవేలు అరిగేదాకా కిందికి జరిపితే కనబడుతుంది.

నేను చదువుకున్నవాణ్ని కదా, నాన్నగారికి ఏడాది ప్లాన్ సూచించాను. ఒకేసారి కడితే 365 రోజులు, అధికమాసం ఉండదు, స్థిరవారం ఉండదు. ఆయన కాగితం మీద కూడికలు, తీసివేతలు చేసి, పెన్ను మూతపెట్టి అడిగారు:

"ఈలోగా నాకేదైనా అయితే మిగతా నెలల డబ్బులు వాపసు ఇస్తారా?"

నా దగ్గర సమాధానం లేదు. అమ్మ వంటింట్లోంచి కేకేసింది. "ఏడాదిదే వేయించరా! డబ్బు కట్టాక వాడకుండా వదిలేసి పోయే మనిషి కాదాయన."