జ్వరం మాత్రకు తెలుగులో హెచ్చరిక ఏది?

వైరస్ సోకి దగ్గు, ఆయాసం మొదలైతే ఇంటిల్లిపాది దృష్టీ ఊపిరితిత్తుల మీదే. కాలేయం ఊసే రాదు. కొవిడ్ కాలంలో ఆసుపత్రుల్లో చేరిన చాలామంది రక్త పరీక్షల్లో, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైములైన ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగి కనిపించాయి. ఒంట్లో ఆక్సిజన్ తగ్గడం, వైరస్‌పై రక్షణ వ్యవస్థ మితిమీరి విరుచుకుపడటం, వాడిన మందులు కలిసి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఎక్కువమందిలో జబ్బు తగ్గాక అంకెలు మామూలు స్థాయికి వస్తాయి. ఫ్యాటీ లివర్, మద్యం, హెపటైటిస్-బి వల్ల అప్పటికే కాలేయం పాడైనవారికే అసలు గండం.

వైరస్ చేసే కీడు మన చేతుల్లో లేదు. మాత్రలతో మనమే తెచ్చుకునే కీడు మాత్రం పూర్తిగా ఆపదగినది. మెడికల్ షాపులో ఇచ్చిన 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ రోజుకు నాలుగు వేసుకుంటే 2,600 మిల్లీగ్రాములు. ముక్కు కారుతోందని తెచ్చుకున్న జలుబు మాత్రలోనూ అదే మందు 500 ఉంటే, మూడు పూటలకు మరో 1,500. మొత్తం 4,100. ఆరోగ్యవంతుడైన పెద్దవారికే రోజుకు 4,000 దాటకూడదు. తిండి సయించక నీరసించినవారికి, రోజూ మద్యం తాగే అలవాటున్నవారికి అంతకన్నా తక్కువ మోతాదు కూడా ప్రమాదమే. ఈ లెక్క రోగికి చెప్పేవారెవరు? స్ట్రిప్ వెనుక హెచ్చరిక ఉన్నా ఇంగ్లీషులో, కంటికి ఆనని అక్షరాల్లో ఉంటుంది.

ఆకు మందైతే హాని లేదన్న నమ్మకమూ ప్రమాదమే. కొవిడ్ వేళ తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ శాఖ ఆ నిర్ధారణను తోసిపుచ్చింది. వివాదం మాటెలా ఉన్నా, కాలేయ జబ్బున్నవారు వైద్యుణ్ని అడగకుండా కషాయాల జోలికి పోకూడదన్నదే మా మాట. కళ్లు పచ్చబడగానే పసరు మందుకు పరుగెత్తడం ఇంకా పెద్ద పొరపాటు. పారాసిటమాల్ మోతాదు మించితే ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది. ఎంత త్వరగా ఎక్కిస్తే అంత మేలు. పసరు కోసం తిరిగే గంటలు ప్రాణం మీదికి తెస్తాయి.

మందుల లేబుళ్ల నిబంధనలు కేంద్రానివి. జ్వరం, జలుబు మాత్రల స్ట్రిప్పులపై ప్రాంతీయ భాషల్లో రోజువారీ పరిమితిని అచ్చువేయించాలి. అప్పటిదాకా ప్రతి మెడికల్ షాపు కౌంటర్ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించే పనిని రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ విభాగాలు వానాకాలపు జ్వరాలు మొదలయ్యేలోపే పూర్తిచేయాలి.